మా బాపు నవ్విన ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా?

చిన్నబిడ్డ
19 సెప్టెంబర్ 2024, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా బాపు బోరింగు మెకానిక్. ముప్పై ఏళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో చేతి బోరింగులు బాగు చేశాడు. మీలో కొందరికి ఆయన పేరు చెబితే తెలియకపోవచ్చు, "బోరింగు సారు" అంటే గుర్తొస్తాడు. 2015 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, నిద్రలోనే పోయాడు.

అక్టోబర్ 2న పెత్తరమాస. ఎప్పటిలాగే బాపు పేరున బియ్యం ఇస్తాం. గోడ మీది ఫోటో మసకబారింది, ఈసారి కొత్తగా ఫ్రేము కట్టిద్దామని ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం పదకొండు. మా బాబుకు ఏడేళ్ళు, తాతను చూడలేదు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, "అమ్మా, తాతకు నవ్వు రాదా?" అన్నాడు.

నేనూ మళ్ళీ చూశాను. పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు ఫోటో, అన్న పెళ్ళిలో తీసినవి, అన్నిట్లో పెదవులు బిగించే ఉన్నాడు. కానీ బాపు బాగా నవ్వేవాడు. ఆ నవ్వు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముఖం ఎట్లుండేదో మాత్రం ఎంత తలచుకున్నా రావడం లేదు, చెయ్యి అడ్డం వస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేవాడు.

మీ ఇంటి ఆల్బముల్లో ఎక్కడైనా ఆయన నవ్వుతున్న ఫోటో ఒక్కటి ఉంటే పంపండి. లేకపోతే మీకు గుర్తున్నది రాయండి. మా బాబుకు చదివి వినిపిస్తాను.

సైకిల్ దోస్తు
20 సెప్టెంబర్ 2024, ఉదయం 7:15

బిడ్డా, నీ పోస్టు మా కోడలు చదివి వినిపించింది. నేను చెప్తుంటే ఆమెనే టైపు చేస్తుంది. మీ బాపుకు నవ్వు రాకపోవుడేంది? ఫోటో అయితే నా దగ్గర లేదు. ఒక ముచ్చట ఉన్నది, అది నీ కొడుకుకు చెప్పు.

1996 పార్లమెంటు ఎన్నికలు. నల్గొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడు నీళ్ళ గోస ఢిల్లీ దాకా వినపడాలంటే ఇదే తోవ అని జల సాధన సమితి అన్నది, దుశర్ల సత్యనారాయణ ముందుండి నడిపించిండు. నేనూ నామినేషన్ వేద్దామనుకున్న. అప్పుడు డిపాజిట్టు 500. నా దగ్గర మూడు వందలే ఉండె. మీ బాపు ఇంట్లకు పోయి రెండు వందలు తెచ్చి నా జేబుల పెట్టిండు. అవి మీ అమ్మ చీరకు దాచుకున్న పైసలని నాకు శాన దినాలకు తెలిసింది. వదినె ఇప్పటిదాక ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

అంత మంది పేర్లు ఒక కాయితంల ఎట్ల పడ్తయి? పోలింగు వాయిదా పడ్డది. తర్వాత బ్యాలెట్ పేపరు పుస్తకం లెక్క అచ్చేసి పెట్టిన్రు. మీ బాపు ఓటు వేయనీకి లోపలికి పోయి ఎంతసేపటికీ రాడాయె. నాకు టెన్షన్ అయింది. వచ్చినంక నా రెండు భుజాలు గట్టిగ పట్టుకుని, "నీ గుర్తు దొరికేసరికి నా కండ్లు తిరిగినయి రా!" అని పగలబడి నవ్విండు. రెండు చేతులు నా మీదనే ఉండె, ఇగ నోటికి అడ్డం పెట్టుకునుడు ఎక్కడిది? బడి ముందట వేపచెట్టు కింద ఆ నవ్వు నేను కండ్లార చూసిన. ముఖమంత నవ్వే. కండ్ల పక్కన ముడతలు పడేటియి, ఎడమ దిక్కు కొద్దిగ ఎక్కువ.

నేను ఓడిపోయిన, డిపాజిట్టు పోయింది. ఆ రెండు వందలు ఆయన మళ్ళ అడగలేదు. అయితేనేం బిడ్డా, ఆ ఎన్నికతోటి మన నీళ్ళ సంగతి దేశం మొత్తం పేపర్లల్ల పడ్డది.

పానా పట్టిన చెయ్యి
20 సెప్టెంబర్ 2024, మధ్యాహ్నం 1:30

అక్కా, నన్ను గుర్తుపట్టావో లేదో. మీ ఇంటికి టూల్స్ సంచి మోసుకొచ్చేవాణ్ణి. పదహారేళ్ళప్పుడు సారు దగ్గర చేరాను. ఇప్పుడు హాలియాలో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాను. తిండి పెట్టిన విద్య ఆయనదే.

సారుకు కోపం ఉండేది. అది కూడా రాయాలి, లేకపోతే ఆయన కాదు. గ్రీజు డబ్బా మూత పెట్టకపోతే పానా నేలకేసి కొట్టేవాడు. బోరింగు దగ్గర ఎవరైనా నీళ్ళు ఊరికే పారబోస్తే పెద్దా చిన్నా చూడకుండా అరిచేవాడు.

ఒకసారి నాంపల్లి పక్క ఊళ్ళో పైపులు తీస్తున్నాం. నడివేసవి. బోరింగులో తోలు వాషర్లు అరిగిపోతే కింద సిలిండరు దాకా మొత్తం పైకి లాగాలి. ఒక్కో ఇనుప పైపు పది అడుగులు, ఒకటి విప్పేదాకా కింద ఉన్న బరువంతా పట్టు మీదే నిలబడాలి. ఆరో పైపు దగ్గర నా చెయ్యి జారింది. పట్టు విడిచింది, మిగిలిన పైపులన్నీ బోరులోకి వెళ్ళిపోయాయి. ఆ ఊరికి తాగడానికి పనికొచ్చే బోరింగు అదొక్కటే. చుట్టూ బిందెలు వరుసలో ఉన్నాయి. ఎవరూ మాట్లాడలేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన లేచి, "ఎవడు రా జారవిడిచింది?" అన్నాడు.

సారు నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే. చెయ్యి చెమట పట్టింది" అన్నాడు.

రెండు రోజులు అక్కడే ఉన్నాం. కొక్కెం దించడం, తగిలిందనుకుని లాగడం, అది వట్టిగా పైకి రావడం. రాత్రి బడి అరుగు మీద పడుకున్నాం. రెండో రోజు పొద్దుగూకే ముందు పైపు కొక్కేనికి చిక్కింది. నీళ్ళు పడ్డాక ఒక ముసలమ్మ తన బిందెలోంచి రెండు దోసిళ్ళు తీసి సారు తల మీద పోసింది. అప్పుడు నవ్వాడక్కా. చేతుల నిండా గ్రీజు ఉంది కాబట్టి నోటికి పెట్టుకోలేదు. ఇంటికొచ్చే తోవలో మాత్రం సైకిల్ ఆపి, "మళ్ళీ జారితే నీ వీపు పగులుతుంది" అన్నాడు. మళ్ళీ జారలేదు.

కొత్తపేట నుంచి
20 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:05

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే, మా తాతలది మునుగోడు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఒక్క మాట అడగవచ్చా? ఆయన నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకునేవారు?

సైకిల్ దోస్తు
20 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:40

పళ్ళు బాబూ. మా ఈడోళ్ళందరివి అంతే. నా నోరు చూసినా తెలుస్తది.

సుద్దముక్క
20 సెప్టెంబర్ 2024, రాత్రి 10:20

నేను ఆ మండలంలో పదిహేనేళ్ళు పాఠాలు చెప్పాను. కొత్తగా చదువుతున్నవారి కోసం కొంచెం వివరంగా రాస్తాను.

మన వైపు రాతి నేల. లోతు బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు, చాలా ఊళ్ళలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. రంగు ఉండదు, వాసన ఉండదు, కాచినా పోదు. పసితనంలో చిగురు లోపల పళ్ళు తయారవుతున్నప్పుడే అది పట్టుకుంటుంది. బయటికి వచ్చేసరికే పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. ఎంత తోమినా పోవు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో చేరి మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి అమ్మా. 1998 ప్రాంతం. నల్గొండ టెక్నిక్ అని ఒక పద్ధతి ఉండేది, నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేసింది. నీళ్ళలో పటిక, సున్నం లెక్క ప్రకారం కలిపి, తేరనిచ్చి, పైతేట వంచుకోవాలి. దాన్ని పిల్లలకు చూపించమని ఆయనను బడికి పిలిచాను. రెండు బకెట్లు, ఒక కర్ర తెచ్చుకున్నాడు. కలుపుతూ చెబుతున్నాడు. పిల్లలకు విసుగు పుట్టింది, వెనక బెంచీలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంతలో మూడో తరగతి ఆడపిల్ల ఒకతె లేచి, "మామా, నీ పండ్లు ఎందుకట్లున్నయి?" అని అడిగింది.

నేను ఆ పిల్లను కూర్చోమని గద్దించబోయాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. అప్పటివరకు మాట్లాడేటప్పుడు కూడా తల కిందికి వంచుకునే మాట్లాడాడు. కర్ర కింద పెట్టాడు. కిటికీ దగ్గరికి, వెలుతురులోకి పోయి నిలబడి నోరు పూర్తిగా తెరిచాడు. "వరుసగ వచ్చి చూడుండ్రి" అన్నాడు. నలభై మంది పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు. చివరి పిల్లవాడు చూసి వెళ్ళాక, "నా చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగాలనో మాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్న" అన్నాడు.

ఆ పటిక పద్ధతి మా ఊళ్ళో ఎక్కువ రోజులు సాగలేదు. రోజూ కొలవడం, కలపడం, తేరేదాకా ఆగడం కూలికి పోయే ఇళ్ళలో కుదరలేదు. కానీ ఆ పిల్లలు ఏ బోరింగు నీళ్ళు తాగాలి, ఏవి కడుక్కోవడానికి వాడాలి అన్నది మరిచిపోలేదు.

చిన్నబిడ్డ
21 సెప్టెంబర్ 2024, ఉదయం 6:10

సార్, నేను అదే బడిలో చదివాను. అప్పటికే పెద్ద బడికి వెళ్ళిపోయాను. ఈ సంగతి బాపు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదట. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పెద్దోడు
21 సెప్టెంబర్ 2024, రాత్రి 11:50

చెల్లె, ఇక్కడ డ్యూటీ దిగి ఇప్పుడే అంతా చదివాను. నీకొకటి చెప్పాలి. ఫోన్‌లో ఎన్నోసార్లు చెబుదామనుకుని ఆగిపోయాను.

నాకు ఏడేళ్ళప్పుడు పాల పళ్ళు ఊడి ముందు పళ్ళు వచ్చాయి. వాటి మీద సున్నం చల్లినట్టు మచ్చలు. ఒకరోజు రాత్రి బాపు నన్ను దీపం దగ్గరికి పిలిచి నోరు తెరవమన్నాడు. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. నువ్వప్పుడు ఉయ్యాలలో ఉన్నావు, ఏడాది పిల్లవు. నీ దగ్గరికి పోయి నీ బోసి నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమాడు.

మర్నాడు తెల్లవారుజామున సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని బయలుదేరాడు. చెరువు కింది ఊటబావికి. రానూ పోనూ తొమ్మిది కిలోమీటర్లు. లోతు బోర్ల కంటే ఆ ఊటబావి నీళ్ళు మేలని ఆయనకు పనిలోనే తెలిసింది. ఆ రోజు నుంచి నువ్వు పెద్ద బడికి పోయేదాకా రోజు తప్పలేదు. వానాకాలంలో చెరువు కట్ట మీద బురదలో సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు. జ్వరం వచ్చిన రోజుల్లో నేను పోయాను. ఆ నీళ్ళు మనిద్దరం తాగేవాళ్ళం, అన్నంలోకి అవే. తను మాత్రం ఇంటి ముందు బోరింగు నీళ్ళే తాగేవాడు. "నాకు అయ్యేది అయింది గదా" అనేవాడు.

నా పళ్ళకు మచ్చలు అప్పటికే పడ్డాయి. నీవి మల్లెమొగ్గల్లా వచ్చాయి. నువ్వు పకపకా నవ్వుతుంటే బాపు పని ఆపి చూసేవాడు, నీకు గుర్తుందో లేదో. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళుగా ఉండేది. నా కోసం ఇంకో నాలుగేళ్ళు ముందు ఎందుకు మోయలేదని లోపల కోపం ఉండేది. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఆ మాట పైకి అనేశాను. బాపు చాలాసేపు గ్రీజు అంటిన గోళ్ళు గీక్కుంటూ కూర్చున్నాడు. "నాకు అప్పుడు తెల్వలేదు బిడ్డా" అన్నాడు. అంతే. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు బాధ.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ కృష్ణా నీళ్ళ పథకానికి పైలాన్ కట్టినప్పుడు నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. బాపు పోయి అప్పటికి ఐదు నెలలు కాలేదు. టీవీలో చూస్తూ అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పానా పట్టిన చెయ్యి
22 సెప్టెంబర్ 2024, ఉదయం 8:00

అన్నా, ఆ సైకిల్ నాకు తెలుసు. హెర్క్యులస్. వెనక క్యారియర్ రెండుసార్లు విరిగింది, వెల్డింగ్ నేనే చేయించుకొచ్చాను. ఎందుకు విరుగుతోందో అప్పుడు అడగలేదు.

సైకిల్ దోస్తు
22 సెప్టెంబర్ 2024, ఉదయం 9:25

హెర్క్యులస్ కాదు, అట్లాస్. నాది, ఆయనది ఒక్క రోజే కొన్నం, ప్రకాశం బజార్ల.

బత్తాయి తోట
24 సెప్టెంబర్ 2024, రాత్రి 8:30

బిడ్డా, నేను మీ మేనమామను. నాలుగు రోజుల సంది చదువుతున్న. రాయాల్నా వద్దా అని ఆగిన. మీ అన్న అంత ధైర్యంగ చెప్పినంక నేను ఊకోవద్దనిపించింది.

2002ల మీ బాపు, ఆఫీసోళ్ళు కలిసి మా ఊరి బోరింగులన్నీ పరీక్ష చేసిన్రు. మా ఇంటి ముందటి దాంట్ల ఫ్లోరైడు బాగా ఎక్కువ తేలింది. మీ బాపు దానికి ఎర్ర రంగు వేసిండు, తాగొద్దని గుర్తు. అప్పుడు మా పెద్దదానికి సంబంధాలు చూస్తున్నం. ఫ్లోరైడు ఊరంటేనే పిల్లను చేసుకోనీకి, పిల్లను ఇయ్యనీకి వెనకా ముందాడే రోజులు. ఎర్రబోరింగు ఇల్లని పేరు పడితే నా బిడ్డ గతేంది అనుకున్న. రాత్రికి రాత్రి దానికి పచ్చ రంగు వేసిన. తెల్లారి బావ వచ్చి మళ్ళ ఎర్ర రంగు వేసిండు. నేను బ్రష్షు గుంజుకుని విసిరేసి, పదిమంది ముందట అనరాని మాటలన్న. "నీ నోరు చూసుకో ముందుగల" అన్న. ఆ మాట ఇయ్యాల రాస్తుంటే చెయ్యి వణుకుతుంది.

పద్నాలుగు నెలలు మాటల్లేవు. అక్కను కూడా పండుగకు పిలవలే.

2003 మే నెలల పెండ్లి. కార్డు ఇయ్యనీకి నేను పోలేదు, తమ్మునితోని పంపిన. వస్తడనుకోలే. పెండ్లి రోజు తెల్లవారకముందే మా వాకిట్ల ట్రాక్టర్ ఆగింది. ఊటబావి నీళ్ళు, పన్నెండు డ్రమ్ములు. దింపిచ్చిండు. వంటోళ్ళ దగ్గరికి పోయి, "తాగనీకి, వంటకు ఇవి. కడగనీకి అవి" అని చెప్పిండు. నా దిక్కు చూసి, "చుట్టాల పిల్లలు వస్తరు గదా" అన్నడు. నేను మాట్లాడలేకపోయిన. పొద్దంతా ఆయనే బకెటు పట్టుకుని బంతుల్ల తినేటోళ్ళకు నీళ్ళు పోసిండు.

తర్వాత మంచిగనే ఉన్నం. కలిసి చెర్వుగట్టు గుడికి పోయినం, నా తోట ఎండిపోతుంటే ఆయనే ముందుబడి ట్యాంకర్లు మాట్లాడిండు. అయితే "తప్పయింది బావా" అన్న ఒక్క మాట అనలేదు. ఇయ్యాల అంటం, రేపు అంటం అనుకుంటనే పన్నెండేండ్లు పోయినయి. ఇప్పుడు ఇంటింటికి నల్లా ఉన్నది, ఆ బోరింగు కొట్టేటోళ్ళు లేరు. పీకేస్తమని వస్తే నేను ఒప్పుకోలె. ఎర్ర రంగు ఇంకా అక్కడక్కడ ఉన్నది.

ఫోటో అడిగినవు. పెండ్లి వీడియో క్యాసెట్టు ఉన్నది. తలంబ్రాల కాడ బావ వెనక నిలబడ్డట్టు నాకు గుర్తు. నవ్విండో లేదో తెల్వదు. వీసీఆర్ ఎప్పుడో పాడయింది. రేపు బస్సుల పంపుతున్న.

కొత్తపేట నుంచి
24 సెప్టెంబర్ 2024, రాత్రి 9:15

దయచేసి ఆ క్యాసెట్‌ను ఏ పాత వీసీఆర్‌లోనూ నేరుగా పెట్టకండి. ఇరవై ఏళ్ళయితే టేపుకు బూజు పట్టి ఉంటుంది, చిక్కుకుంటే తెగిపోతుంది. ముందు శుభ్రం చేయించి, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మా నాన్న గొంతు ఉన్న ఆడియో క్యాసెట్ ఒకటి నేను తొందరపడి పాడు చేసుకున్నాను.

చిన్నబిడ్డ
25 సెప్టెంబర్ 2024, రాత్రి 10:05

చాలా థాంక్స్ అండీ, మీరు చెప్పినట్టే చేస్తాం.

మామా, అమ్మకు మీరు రాసింది మొత్తం చదివాను. మధ్యలో ఆపమంది, మొహం కడుక్కొచ్చి మళ్ళీ చదవమంది. "వానికి చెప్పు, ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాతోని కూడా చెప్పలేదు" అంది. మీరు అన్నది అమ్మకు ఈ రోజే తెలిసింది.

అన్నా, నీకు విడిగా ఫోన్ చేస్తాను.

చిన్నబిడ్డ
1 అక్టోబర్ 2024, సాయంత్రం 7:30

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర స్టూడియోలో క్యాసెట్ ఇచ్చాం. టేపు అంచులకు బూజు ఉంది, కానీ నడిచింది. ఈ రోజు అమ్మను, బాబును తీసుకుని వెళ్ళాను.

పెళ్ళి వీడియో కదా, మాటలేవీ లేవు, మొత్తం సినిమా పాటలు వేశారు. నలభై నిమిషాలు చూశాం. సైకిల్ కాకా పంచె కట్టుకుని కనిపించారు. అన్న మీసం కూడా సరిగ్గా లేదు. తలంబ్రాలు వచ్చాయి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పోటీ పడి పోసుకుంటున్నారు, ఎవరో పళ్ళెం తన్నేశారు. వెనక వరుసలో తెల్ల చొక్కాతో బాపు. రెండు చేతులతో బకెట్ పట్టుకుని ఉన్నాడు. తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు. ఐదారు సెకన్లు. కెమెరా మళ్ళీ అటు తిరగలేదు.

కాకా చెప్పినట్టే, ఎడమ కన్ను పక్కన ముడతలు ఎక్కువ.

స్టూడియో అబ్బాయి అక్కడ ఆపి, ఫోటోగా తీసి, పెద్దది చేసి చూపించాడు. మంచి పిల్లవాడు, మర్యాదగా అడిగాడు, "పళ్ళ మీద మరకలున్నయి మేడం, తెల్లగ చేయాల్నా? ఒక్క నిమిషం పని." నేను నోరు తెరిచేలోపే అమ్మ, "వద్దు బిడ్డా, ముట్టుకోకు" అంది. తర్వాత తెర దగ్గరికి జరిగి, "ఆ బకెట్ల ఉన్నయి ఏం నీళ్ళు?" అని నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను.

బత్తాయి తోట
1 అక్టోబర్ 2024, రాత్రి 8:10

అక్కకు చెప్పు, ఊటబావివే. రేపు పొద్దున ఏడింటికల్లా మేమిద్దరం వస్తున్నం. విస్తరాకులు, బత్తాయిలు తెస్తున్న, మీరు కొనకుండ్రి.